వన్‌టౌన్ సందుల్లో స్పీడు తగ్గించండి సార్, మా మూల రాయి మాకు ఇప్పించండి

విజయవాడలో రోడ్లు వేసే పెద్దలకి, ట్రాఫిక్ తిప్పే పెద్దలకి, రేపు మెట్రో కట్టబోయే పెద్దలకి అందరికీ కలిపి ఒకటే ఉత్తరం రాస్తున్నానండి, ఎందుకంటే ఒకరి దగ్గరికి వెళ్తే ఇంకొకరి పేరు చెప్తున్నారు, ఆ ఇంకొకరి దగ్గరికి వెళ్తే మళ్ళీ మొదటివాళ్ళ పేరే చెప్తున్నారు, ఈ తిరుగుడుతో నాకు రెండు జతల చెప్పులు అరిగాయి. అందుకే ఇలా అందరూ చదివేలా బయట పెడుతున్నా. కోపంతో రాయట్లేదు, కొంచెం ఉంది గానీ అది పక్కన పెట్టే రాస్తున్నా.

మాది వన్‌టౌన్, అంటే విజయవాడ పాత ఊరు. శివాలయం వీధిలోంచి పక్కకి తిరిగే ఒక సందు. ఇల్లు మా తాత కట్టించింది, పెంకుటిల్లు, ముందు అరుగు, ఆ అరుగు చివర సందు మలుపులో మోకాలెత్తు రాయి ఒకటి పాతి ఉండేది. పాత ఇళ్ళవాళ్ళకి తెలుస్తుంది ఆ రాయేంటో, ఎడ్లబండి మలుపు తిరిగేటప్పుడు ఇరుసు గోడని గీరకుండా పాతేవాళ్ళు. మేం చిన్నప్పుడు దాని మీద కూర్చుని పుల్ల ఐసు తినేవాళ్ళం. ఎడ్లబండ్లు పోయి రిక్షాలొచ్చాయి, రిక్షాలు పోయి ఆటోలొచ్చాయి, రాయి మాత్రం దాని పని అది చేస్తూనే ఉంది, ఎంత తొందరలో ఉన్నోడైనా ఆ మలుపు దగ్గరికొచ్చేసరికి బ్రేకు తొక్కాల్సిందే. బళ్ళని నెమ్మది చెయ్యడానికి ట్రాఫిక్ కామింగ్ అని ఇప్పుడు ఇంజనీర్లు పెద్ద పేరు పెట్టి చెప్తున్నారే, మా తాత దాన్ని ఆ పేరు తెలియకుండానే చేశాడండి, ఒక్క రాయితో.

ఆ రాయి కథ మళ్ళీ చెప్తా, ముందు ఫ్లైఓవర్ సంగతి.

బయటి ఊళ్ళవాళ్ళకి తెలియకపోవచ్చు, మా ఊరు పడమటి వైపు ఎలా ఉంటుందంటే ఒక పక్క ఇంద్రకీలాద్రి, ఒక పక్క కృష్ణ, మధ్యలో సన్నగా మిగిలిన జాగాలో హైదరాబాద్ నుంచి మచిలీపట్నం వెళ్ళే నేషనల్ హైవే. ఇప్పుడు 65 అంటున్నారు, మా నాన్న చివరిదాకా 9వ నంబరు రోడ్డు అనే అన్నాడు. కొండకీ ఏటికీ మధ్య ఆ ఒక్క దారే, అది మూస్తే ఇంకో దారి చిట్టినగర్ సొరంగం, అంటే కొండకి చిల్లు పెట్టి తీసిన దారి. సొరంగంలోంచి బయటపడ్డ బండి కేటీ రోడ్డు, నెహ్రూ బొమ్మ సెంటర్, కొత్తపేట, సామారంగం చౌక్, పంజా సెంటర్ ఇలా మా పేటల మీదుగానే పోవాలి. ఇది 1888లోనే మున్సిపాలిటీ అయిన ఊరు, ఈ వీధులు అంతకంటే పాతవి, ఎదురెదురుగా రెండు తోపుడు బళ్ళు తప్పుకుంటే చాలనుకుని వదిలిన వెడల్పులు.

2015 డిసెంబర్‌లో దుర్గ గుడి ఫ్లైఓవర్‌కి శంకుస్థాపన చేశారు. 2016 ఆగస్టులో పుష్కరాలు, ఆ లోపు అయిపోతుందన్నారు. మేమూ నమ్మాం, ఎనిమిది తొమ్మిది నెలలే కదా, సర్దుకుందాం అనుకున్నాం. పుష్కరాలు వచ్చాయి, వెళ్ళాయి. తర్వాత దసరాకి అన్నారు, ఉగాదికి అన్నారు, ఎన్నికలొచ్చి ప్రభుత్వం మారింది, కరోనా వచ్చింది, చివరికి 2020 అక్టోబర్ 16న తెరిచారు. శంకుస్థాపన అప్పుడు మా మేనల్లుడు ఎల్‌కేజీ, ఫ్లైఓవర్ మీద మొదటిసారి బండెక్కించుకుని తీసుకెళ్ళినప్పుడు వాడు నాలుగో క్లాసు. ఇది ఎత్తిపొడుపు కాదండి. ఫ్లైఓవర్ మంచిదే, ఆరు లైన్లు, రెండున్నర కిలోమీటర్ల పైన, అమ్మవారి కొండ పక్కనుంచి వంపు తిరిగి వెళ్తుంటే చూడ్డానికి కూడా బాగుంటుంది, భవానీపురం నుంచి బెంజి సర్కిల్ వైపు వెళ్ళేవాడికి ఇప్పుడు గుడి దగ్గర నరకం లేదు. నేనూ ఎక్కుతా.

నా గోడు ఏంటంటే, ఆ ఐదేళ్ళూ ఊరందరికీ మా సందులు అలవాటైపోయాయి. కింద రోడ్డు సగం మూసేసి పిల్లర్లు కడుతున్నప్పుడు పోలీసులు చూపించిన డైవర్షన్ ఒకటి ఉండేది, అది నిండిపోయాక జనం సొంతంగా కనిపెట్టుకున్న అడ్డదారులు పాతిక. ఏ సందు ఏ సందులో తేలుతుందో, ఎక్కడ కుడికి కొడితే సిగ్నల్ తప్పుతుందో ఆటోవాళ్ళకి, డెలివరీ కుర్రాళ్ళకి, ఆఖరికి మ్యాప్ చూపించే యాప్‌కి కూడా తెలిసిపోయింది. ఫ్లైఓవర్ తెరిచిన రోజు బారికేడ్లు తీశారు, రిబ్బన్ కట్ చేశారు, అయిపోయింది. మా సందుల్లోకి నేర్పిన దారిని మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. తాత్కాలికం అని వచ్చింది మా ఇంటి ముందే కాపురం పెట్టేసింది.

పైగా ఆ మధ్యలోనే సందులన్నిటికీ సిమెంటు రోడ్లు వేశారు. బాగా వేశారు, అదే బాధ. ఎగుడుదిగుడు రాళ్ళ దారిలో పదిలో పోయేవాడు నున్నటి సిసి రోడ్డు మీద నలభైలో పోతున్నాడు. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే పొర వేశారు కాబట్టి అరుగుకి మూడు మెట్లుండేవి, ఇప్పుడు ఒకటే ఉంది, వానొస్తే ఆ ఒకటీ ఉండదు. ఆ పనికి వచ్చినవాళ్ళే మా మూల రాయిని పెకలించారు. అప్పుడు మా నాన్న హాస్పిటల్లో ఉన్నాడు, ఇంట్లో అమ్మ ఒక్కతే, "అడ్డంగా ఉందమ్మా, మిషన్ తిరగట్లేదు" అన్నారట, ఆవిడ సరే అంది. అంత బరువు రాయిని ముగ్గురు దొర్లించుకుంటూ తెచ్చి దొడ్లో పడేశారు పాపం. తర్వాత నెల తిరక్కుండానే ఒక ట్రాలీ ఆటో వెనక్కి తిప్పుతూ అరుగు మూల పగలగొట్టింది. మళ్ళీ కట్టించాం, మళ్ళీ పగిలింది. ఇప్పుడు అలాగే వదిలేశాం, లోపల ఎర్ర ఇటుకలు పళ్ళు ఇకిలించినట్టు కనిపిస్తుంటాయి.

ఒకరోజు సాయంత్రం మా మేనల్లుడు అరుగు మీద కూర్చుని నోటుబుక్కులో వచ్చే పోయే బళ్ళకి ఐదేసి గీతలు కొట్టడం మొదలుపెట్టాడు, స్కూల్లో ఏదో ప్రాజెక్ట్ అట. రెండు పేజీలు నిండాక "అత్తా, వీళ్ళలో మన వీధివాళ్ళు ఎంతమంది" అన్నాడు. నేను కూడా పక్కన కూర్చుని చూశా. మొహం తెలిసినవాళ్ళు వేళ్ళమీద లెక్క. మిగతా అందరూ ఎక్కడినుంచో ఎక్కడికో పోతున్నవాళ్ళే, మా శివుడితో పని లేదు, మా కొట్లతో పని లేదు, తలకాయ కూడా పక్కకి తిప్పరు, హారన్ మీద బొటనవేలు పెట్టి అలా పోతారు.

మా అమ్మకి డెబ్బై ఆరు. ఇంటి నుంచి గుడికి నూట యాభై అడుగులు, ఆవిడ లెక్క అది. పెళ్ళై వచ్చినప్పటి నుంచీ ప్రదోషం తప్పని మనిషి. ఇప్పుడు ఆ నూట యాభై అడుగులకి నేను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాలి, నాకు కుదరకపోతే ఆవిడ గుమ్మంలోంచే గోపురానికి దణ్ణం పెట్టుకుని లోపలికి వచ్చేస్తుంది. ఒకసారి బైకు అద్దం తగిలి చేతిలో పూలబుట్ట ఎగిరిపోయింది, దెబ్బేం తగల్లేదు, కానీ ఆ రోజు నుంచి రోడ్డు మీదికి దిగే ముందు కాలు వణుకుతోంది. ఇలాంటివి ఏ స్టేషన్లోనూ కేసవ్వవు, ఏ లెక్కలోకీ రావు.

కంప్లైంట్ ఇచ్చాం. ఇవ్వకుండా ఉండలేదు. ఇచ్చిన మూడు నెలలకి ఒక రాత్రి ఎవరో వచ్చి వేరే పనిలో మిగిలిన కాంక్రీటు తెచ్చి సందు మధ్యలో గట్టు పోసి వెళ్ళారు. పొద్దున్నే చూస్తే జానెడు ఎత్తు, మూరెడు వెడల్పు. అది స్పీడ్ బ్రేకర్ కాదండి, నడుం బ్రేకర్. ఎదురింట్లో నెలలు నిండిన పిల్ల ఉంది, ఆటో దాని మీద ఎక్కి దిగితే ఆ పిల్ల పెట్టిన కేక ఇప్పటికీ నా చెవిలో ఉంది. మా వీధివాళ్ళే గునపాలు తెచ్చి సగం కొట్టేశారు. ఇప్పుడు సగం ఉంది, బైకులవాళ్ళు ఆ కొట్టేసిన సగంలోంచి, అంటే సరిగ్గా మా అరుగు పక్కనుంచి, స్పీడు తగ్గించకుండా పోతున్నారు.

మీకు తెలియదని కాదు గానీ చెప్తున్నా, దీనికి రాసిపెట్టిన కొలతలున్నాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళ 99వ నంబరు పుస్తకం, 2018లో కొత్తగా సవరించింది కూడా ట్రాఫిక్ నెమ్మది చెయ్యడం గురించే. మామూలు గుండ్రటి హంప్ అయితే 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు, అంటే ఆటో మొత్తం దాని మీదికెక్కి మెల్లిగా దిగేంత, పాతిక స్పీడులో వెళ్తే ఒళ్ళు కుదపదు, అంతకంటే స్పీడులో వెళ్తేనే కుదుపుతుంది. ముందు బోర్డు ఉండాలి, రంగు ఉండాలి. జానెడు గట్టు ఏ పుస్తకంలోనూ లేదు. మోటారు వాహనాల చట్టంలో 2019లో తెచ్చిన 198ఏ సెక్షన్ ఉంది చూడండి, రోడ్డు ప్రమాణాల ప్రకారం కట్టక దానివల్ల ప్రాణమో కాలో చెయ్యో పోతే కట్టినవాళ్ళకి, కట్టించినవాళ్ళకి లక్ష దాకా జరిమానా అని. బెదిరించడానికి చెప్పట్లేదు. అసలు ఎవరికైనా ఏదైనా అయ్యాక వచ్చే లక్షతో మాకేం పని.

మరి ఏం కావాలి మీకు అంటారు. రోడ్డు మూసెయ్యమని అడగట్లేదండి, ముందే చెప్తున్నా. మా పేటంతా వ్యాపారం మీద బతికేది, వస్త్రలత దగ్గర బట్టల కొట్లు, కాళేశ్వరరావు మార్కెట్టు, స్టీలు సామాను, పూజ సామాను, పెళ్ళికి కావలసిన ప్రతి వస్తువుకీ జిల్లా జిల్లాల నుంచి ఇక్కడికే వస్తారు. వచ్చేవాళ్ళు రావాలి. మా వీధిని దారిగా మాత్రమే వాడుకునేవాడు నెమ్మదిగా పోవాలి, లేదా ఇటు రావడం దండగ అనిపించి ఫ్లైఓవర్ ఎక్కాలి. అంతే మేం అడిగేది.

దానికి మొదటిది, పాత పేటలన్నిటికీ కలిపి గంటకి 30 కంటే మించకూడదని ఒక హద్దు పెట్టండి, మా సందుల్లాంటి చోట 20. జనం బళ్ళూ కలిసి తిరిగే చోట 30 దాటకూడదని 2020లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ రోడ్డు భద్రత సదస్సులో రాసుకున్నదే ఇది. లెక్క సింపుల్, స్పీడు రెండింతలైతే గుద్దుడు బలం నాలుగింతలవుతుంది, మా అమ్మ వయసు మనిషికి ఆ తేడా అంటే కట్టు కట్టించుకుని ఇంటికి రావడానికీ రాకపోవడానికీ మధ్య తేడా. అయితే బోర్డు ఒక్కటి పెట్టి వెళ్ళిపోకండి, బోర్డుకి పోస్టర్లు అంటించుకుంటారు మా వాళ్ళు. రోడ్డే చెప్పాలి నెమ్మదిగా పొమ్మని. స్కూళ్ళ ముందు, గుడి ముందు, మసీదు ముందు దాటే చోట రోడ్డునే కొంచెం ఎత్తు చేసి అరుగుతో సమానంగా తేవచ్చు, అప్పుడు మనిషి దిగక్కర్లేదు, బండే ఎక్కాలి. సందు మొగలో రెండు పక్కలా చెట్టు తొట్టో ఇనప స్తంభమో పెట్టి నోరు సన్నం చెయ్యొచ్చు. ఫైరింజన్ ఎలా వస్తుందంటారు, తెలుసు, అందుకే మధ్యలో ఖాళీలు వదిలిన దిండ్ల లాంటి హంపులు ఉంటాయి, పెద్ద బండి చక్రాలు ఆ ఖాళీల్లోంచి పోతాయి, ఆటో కారు మాత్రం ఎక్కి దిగాలి.

వన్‌వే చేస్తే సరిపోతుందని ఒక సారు నాతో అన్నారు. వద్దండి బాబూ. ఎదురు బండి వస్తుందన్న భయం ఉంది కాబట్టే ఇప్పుడు ఆ మాత్రమైనా తగ్గుతున్నారు, అది కూడా తీసేస్తే మా సందు రేసుకోర్సు అవుతుంది. ఒకవేళ చెయ్యాల్సి వస్తే ఈ చివర లోపలికి, ఆ చివర కూడా లోపలికే అన్నట్టు తిప్పండి, వచ్చినవాడు పక్క సందులోంచి మళ్ళీ వచ్చిన వైపే తేలేలా, అప్పుడు అడ్డదారి అన్న మాటే ఉండదు.

సరుకు బళ్ళ సంగతి వేరే. హోల్‌సేల్ కొట్లని గొల్లపూడి కాంప్లెక్స్‌కి పంపి చాలా ఏళ్ళయింది, చాలామంది వెళ్ళారు, ఇంకా ఇక్కడ ఉన్నవాళ్ళకి సరుకు పగలే దిగుతోంది. లారీ మెయిన్ రోడ్డు మీద ఆగితే అక్కడి నుంచి ముఠావాళ్ళు, అంటే సరుకు మోసే కూలీలు, తోపుడు బళ్ళ మీద తెచ్చేవాళ్ళు, ఇప్పుడు చిన్న ట్రాలీలు గుమ్మం దాకా వచ్చేస్తున్నాయి, ముఠావాళ్ళకి పని తగ్గింది, మాకు అరుగులు పగిలాయి. పొద్దున ఎనిమిది లోపు, రాత్రి తొమ్మిది తర్వాత అని టైము పెట్టి, మధ్యాహ్నం తోపుడు బండే అంటే ఎవరికీ నష్టం లేదు. కొట్లవాళ్ళు గొడవ చేస్తారు, చేస్తారులెండి, మా బాబాయి కొట్టే ఉంది అక్కడ, మొదట గొడవ చేసేది ఆయనే. ఢిల్లీలో చాందినీ చౌక్ చూపించండి వాళ్ళకి, ఎర్రకోట నుంచి ఫతేపురి మసీదు దాకా పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది వరకు మోటారు బళ్ళు లేకుండా చేసి 2021లో తెరిచారు, అంత పెద్ద హోల్‌సేల్ బజారు. అక్కడా పోట్లాటలు లేకపోలేదు, రూలు తప్పేవాళ్ళు లేకపోలేదు, బజారు మాత్రం నడుస్తోంది. మేం అందులో పావు వంతు కూడా అడగట్లేదు.

ఇంకో మాట, ఇదంతా ఒక్కసారే కోట్లు పెట్టి చెయ్యక్కర్లేదు. మూడు నెలలు ప్లాస్టిక్ డ్రమ్ములు, సున్నం గీతలు, నాలుగు పూల కుండీలు పెట్టి చూడండి. పనికిరాకపోతే తీసెయ్యండి. ఫ్లైఓవర్‌కి ఐదేళ్ళు ఓర్చుకున్నవాళ్ళం, పూల కుండీలకి మూడు నెలలు ఓర్చుకోలేమా.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే మెట్రో. మొదటి దశ రెండు లైన్లూ, గన్నవరం వైపుదీ పెనమలూరు వైపుదీ, పండిట్ నెహ్రూ బస్టాండ్ దగ్గర నుంచే అంటున్నారు. బస్టాండ్ అంటే మా గుమ్మం. అక్కడ రోడ్డుకి రేకులు అడ్డం కట్టిన రోజు ఆ బళ్ళన్నీ ఎక్కడికి పోతాయో నేను చెప్పక్కర్లేదు, ఐదేళ్ళ ట్రైనింగ్ అయిపోయింది వాళ్ళకి. అందుకని దణ్ణం పెట్టి అడుగుతున్నా, ఈసారి కాంట్రాక్టు కాగితాల్లోనే మా సందుల పేర్లు రాయండి. పని జరిగే రోడ్డుకి ప్లాన్ వేసినట్టే, ఆ పని వల్ల బళ్ళు వచ్చి పడే సందులకీ ప్లాన్ వెయ్యండి, దాని ఖర్చు అదే ప్రాజెక్టులో పెట్టండి, మొదటి రేకు నిలబెట్టక ముందే హంపులూ స్తంభాలూ పడాలి. డైవర్షన్ బోర్డు మీద మొదలయ్యే తేదీ పక్కనే ముగిసే తేదీ కూడా రాయండి, ఆ తేదీ దాటిపోతే దాన్ని కొట్టేసి కొత్తది రాయండి, మాకు కనిపించేలా. పని అయిపోయాక ఆ దారి మూసే బాధ్యత ఎవరిదో వాళ్ళ హోదా రాయండి, పేరు అక్కర్లేదు.

చెయ్యలేరని మాత్రం అనకండి. దసరాలో చేస్తారు కదా. అమ్మవారి ఉత్సవాలొస్తే హైదరాబాద్ లారీలు ఇబ్రహీంపట్నం దగ్గరే మైలవరం, నూజివీడు వైపు తిరిగిపోతాయి, లక్షల మంది నడుచుకుంటూ కొండెక్కుతారు, మూలా నక్షత్రం రోజు అయితే మా వీధుల్లో మనుషులు తప్ప ఏమీ ఉండదు. పిల్లలు రోడ్డు మధ్యలో బొంగరాలు తిప్పుతారు. మా అమ్మ నన్ను పిలవకుండా గుడికి వెళ్ళొస్తుంది, వచ్చి అరుగు మీద కూర్చుని ఎవరెవరు కనిపించారో చెప్తుంది. అన్ని కొట్లూ తెరిచే ఉంటాయి, మా బాబాయి గల్లాపెట్టె కూడా నిండుతుంది, ఆయన ఒప్పుకోడు గానీ.

తప్పు మాలో లేదనట్లేదు. మా తమ్ముడు రోజూ ఆఫీసుకి సత్యనారాయణపురం సందుల్లోంచి అడ్డంగా పోతాడు, అక్కడ కూడా ఎవరో నాలాంటి ఆవిడ వాణ్ణి తిట్టుకుంటూ ఉంటుంది. నిన్న రాత్రి ఈ ఉత్తరం చదివి వినిపిస్తే తల దించుకుని "రేపటి నుంచి మెయిన్ రోడ్డునే పోతాలే" అన్నాడు, ఈరోజు పొద్దున లేటైందని మళ్ళీ సందులోంచే పోయాడు. అందుకే అంటున్నా, చెప్తే వినే జాతి కాదు మాది, రోడ్డే చెప్పాలి.

మీలో ఎవరైనా ఒకరు ఒక్కసారి రండి, స్కూలు వదిలే టైముకి, నాలుగూ నాలుగున్నర మధ్య. సైరన్ బండిలో రావద్దు, అది వస్తే అందరూ నెమ్మదిగా పోతారు, మీకేం కనిపించదు. అరుగు మీద చాప వేస్తా, కాఫీ ఇస్తా, మేనల్లుడి నోటుబుక్కు ఇస్తా, మీరే గీతలు కొట్టుకోండి. ఆ రాయి ఇంకా మా దొడ్లోనే ఉంది, తులసి కోట పక్కన, అమ్మ దాని మీద బట్టలుతుకుతుంది. గునపం ఉంది, సిమెంటు అర బస్తా ఉంది, ముఠా మేస్త్రి సాయం పడతానన్నాడు. పాతుకోవచ్చని ఒక కాగితం ముక్క మీద సంతకం పెట్టిస్తే చాలు, ఆ సాయంత్రమే పాతేస్తాం.

ఇట్లు,
శివాలయం వీధి పక్క సందు, పగిలిన అరుగు ఇంటావిడ